కుండ విలువ: ఉద్యోగం కోసం చూస్తున్న మనవడికి లేఖ

కుండకు మూలం చెరువు మట్టి. వానకు కొట్టుకొచ్చిన సన్నని ఒండ్రు ఏళ్ళ తరబడి చెరువు అడుగున పేరుకుంటుంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు కుమ్మరి దాన్ని తవ్వి, ఇంటికి తోలి, గడ్డలు చితక్కొట్టి, రాళ్ళూ వేర్లూ ఏరి, నీళ్ళలో నానబెడతాడు. ఇంత శుభ్రం చేసినా ఆ మట్టి ఒక్కటే కుండకు చాలదు. ఒట్టి బంకమట్టికి జిగురు ఎక్కువ. ఎండేటప్పుడు బాగా కుంచించుకుపోయి బీటలు వారుతుంది. అందుకని రాళ్ళు ఏరేసిన చేత్తోనే కుమ్మరి అందులో సన్నని ఇసుక కలుపుతాడు, బూడిద కలుపుతాడు, కొన్ని ఊళ్ళలో ఊక కూడా కలుపుతాడు. తర్వాత కాళ్ళతో తొక్కుతాడు. ఏది ఎంత కలపాలన్నది చెరువును బట్టి మారుతుంది. ఒక ఊరి లెక్క మరో ఊరికి పనికిరాదు. ఆ లెక్క తొక్కే కాలికి తెలుస్తుందే గాని రాసిపెట్టుకునేది కాదు.

తన విలువ ఎంత అని తనను తానే ప్రశ్నించుకునే వయసువాళ్ళకు పెద్దలు సాధారణంగా గొప్పవాళ్ళ జీవితాలు చూపిస్తారు. ఈ లేఖ అందుకునే మనవడు డిగ్రీ పూర్తిచేసి, పోటీ పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ, తోటివాళ్ళు ఎక్కడెక్కడ చేరారో ఫోన్లో చూసుకుంటున్న కుర్రవాడు. అతనికి ఆ జీవితాలు కొత్త కాదు. కోచింగ్ సెంటర్ గోడల నిండా అవే బొమ్మలు. గొప్పవాళ్ళ కథల్లో ఒక చిక్కుంది: చెప్పడం మొదలుపెట్టేసరికే చివర గెలుపు ఖాయమై ఉంటుంది. ఓడినవాడి కథ గోడ మీదికి ఎక్కదు. వాడుక వస్తువు విషయంలో ఈ చిక్కు లేదు. అది ఏం చేస్తుందో, ఎందువల్ల చేయగలుగుతుందో, ఎక్కడ చేయలేకపోతుందో ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. ఈ లేఖలో కుండను ఎంచుకోవడానికి కారణం అంతే.

కుండ చాలా పాత వస్తువు. చైనాలోని షియన్‌రెన్ గుహలో దొరికిన కుండ పెంకులు సుమారు 20,000 ఏళ్ళ నాటివి. అప్పటికి మనిషి నాగలి పట్టలేదు. కుమ్మరి చక్రం వచ్చింది మరీ ఆలస్యంగా, నేటికి ఆరేడు వేల ఏళ్ళ లోపే. అంతకు ముందు గడిచిన కాలమంతా చేతులతో ఒత్తి, మట్టి తాళ్ళు చుట్టి చేసిన కుండలదే.

మన ఊళ్ళలో కుమ్మరి సారె మీద చేసేది సగం పనే. తిరిగే చక్రం మీద మూతి, మెడ, భుజం తీరుగా వస్తాయి. అడుగు మాత్రం అప్పటికి ఉండదు, ఉన్నా మందంగా ఉంటుంది. కాస్త ఆరాక కుండను ఒడిలో పెట్టుకుని, లోపల ఒక చేత్తో గుండ్రని రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ అడుగును సాగదీస్తారు. రాయి ఎక్కడుంటే దెబ్బ అక్కడే పడాలి. లోపల ఆనింపు ఉంటే ఆ దెబ్బకు గోడ పలచనై గట్టిపడుతుంది. ఆనింపు లేకపోతే అదే దెబ్బకు సొట్ట పడుతుంది. గురువును కుమ్మరితో పోల్చిన కబీరు దోహా పుణ్యమా అని ఈ పోలిక దేశమంతటా ప్రసిద్ధం. దాన్ని సాధారణంగా పిల్లలకు చెబుతారు, దెబ్బలు ఓర్చుకోమని. నిజానికి అది పెద్దలకు చెప్పవలసిన మాట. బయటి చెక్క ఎత్తడానికి చాలామంది సిద్ధం, లోపల రాయి పట్టుకునే చెయ్యే తక్కువ. ఇంట్లో ఎప్పుడూ మందలింపే విన్న కుర్రవాడికి తన మీద తనకు నమ్మకం లేకపోతే, ఆ సొట్టకు మట్టిని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆరబెట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పచ్చి కుండను నీడలో, నెమ్మదిగా ఆరనివ్వాలి. ఎండలో పెడితే బయటి పొర ముందు ఎండి బిగుసుకుంటుంది, లోపలిది ఇంకా తడిగా ఉంటుంది, ఆ లాగుడుకు గోడ చీలుతుంది. తొందరపడితే కలిగే నష్టం కుమ్మరికి తెలుసు కాబట్టి తొందరపడడు.

అసలు మార్పు కుండలు కాల్చే ఆవంలో జరుగుతుంది. ఎండిన పచ్చి కుండ చూడటానికి కుండలాగే ఉంటుంది, కానీ నీళ్ళలో ముంచితే కాసేపటికి కరిగి మళ్ళీ బురద అవుతుంది. కాల్చినప్పుడు ముందుగా గోడల్లో మిగిలిన తేమ ఆవిరిగా పోతుంది. ఈ దశలో మంట ఒక్కసారిగా పెంచితే ఆవిరి బయటికి దారి దొరక్క కుండను పగలగొడుతుంది. వేడి సుమారు 500 నుంచి 600 డిగ్రీలకు చేరినప్పుడు బంకమట్టి రేణువుల నిర్మాణంలోనే బిగిసి ఉన్న నీరు కూడా విడిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి దారి లేదు. ఎన్నాళ్ళు నీళ్ళలో నానినా అది ఇక బురద కాదు. పల్లెల్లో గడ్డి, పిడకలు, కట్టెలు పేర్చి కాల్చే ఆవాల్లో వేడి 700 డిగ్రీలు దాటుతుంది, బాగా కాలితే 900 దాకా పోతుంది. కొలిచే పరికరం ఏమీ ఉండదు. పొగ రంగు, నిప్పు రంగు చూసి కుమ్మరి అంచనా కడతాడు.

రంగు గురించి ఒక మాట. ఒకే మట్టితో చేసిన కుండ ఎర్రగానూ రావచ్చు, నల్లగానూ రావచ్చు. మంటకు గాలి బాగా అందితే మట్టిలోని ఇనుము ఎర్రబారుతుంది. గాలి ఆడకుండా కప్పేస్తే పొగ పట్టి నల్లబడుతుంది. దక్షిణ భారతంలో రాక్షస గుళ్ళని పిలిచే పాత రాతి సమాధుల్లో దొరికే పాత్రల్లో సగం నలుపు, సగం ఎరుపు ఉన్నవి ఎన్నో. గాలి అందిన మేర ఎరుపు, అందని మేర నలుపు. మట్టి ఒకటే, బలమూ ఒకటే. ఒంటి రంగును బట్టి పెళ్ళిచూపుల్లో మార్కులు వేసే సమాజంలో ఈ చిన్న సంగతి తెలిసి ఉండటం మంచిది.

ఆవంలో మరో విషయం ఉంది, పరీక్షా ఫలితాల కోసం చూస్తున్నవాడు దీని దగ్గర కాస్త ఆగాలి. ఒకే రోజు, ఒకే మట్టితో, ఒకే చేతితో చేసిన కుండలన్నీ ఒకే ఆవంలోకి వెళ్తాయి, అయినా అన్నీ ఒకేలా బయటికి రావు. నడుమ పేర్చినవి బాగా కాలుతాయి. అంచుల్లో, గాలివాటున ఉన్నవి అరకొరగా కాలుతాయి. నిప్పుకు మరీ దగ్గర పడ్డవాటిలో కొన్ని వంకర పోతాయి. ఏ కుండ ఎక్కడ ఉండాలన్నది కుండ చేతిలో లేదు. అంటే ఫలితంలో మట్టి వంతు కొంత, చేతి వంతు కొంత, ఆవంలో దొరికిన చోటు వంతు కొంత. తల్లిదండ్రులు చదువుకున్న ఇంట్లో, నగరంలో, మంచి గ్రంథాలయం పక్కన పుట్టినవాడికి దొరికిన చోటు ఒకటి. పొలం పనికి వెళ్ళొచ్చి రాత్రి చదివినవాడికి దొరికిన చోటు మరొకటి. ర్యాంకు సంఖ్య ఈ మూడు వంతులనూ కలిపి చూపిస్తుంది, విడదీసి చూపించదు. దాన్ని పూర్తిగా తన విలువగా తీసుకోవడం లెక్క తప్పడమే. పూర్తిగా అదృష్టం అని తోసెయ్యడం కూడా తప్పే, ఎందుకంటే మిగతా రెండు వంతులూ అబద్ధం కావు. మరో సంగతి: సరిగా కాలని కుండను కుమ్మరి చాలాసార్లు పారెయ్యడు, తర్వాతి ఆవంలో మళ్ళీ పెడతాడు.

సంతలో కుండ కొనే ఇల్లాలు దాన్ని వేలి కణుపుతో కొట్టి చూస్తుంది. బాగా కాలిన కుండ ఖంగుమంటుంది. కంటికి కనిపించని నెర్రె ఉన్నా, సరిగా కాలకపోయినా బొంగురుగా పలుకుతుంది. పై నగిషీ ఎంత బాగున్నా ఈ పరీక్షలో లోపం దాగదు. ఈ మోతనే సంగీతం చేసుకున్న వాద్యం ఘటం. తమిళనాడులోని మానామదురై ఘటాలకు పేరున్న ఊరు. అక్కడ వంట కుండ కంటే మందంగా, గోడ అంతటా ఒకే దళసరి వచ్చేలా ఎన్నో వేల దెబ్బలు వేసి ఘటం చేస్తారు. వీణ తీగలాగా దాని శ్రుతిని బిగించడం, సడలించడం కుదరదు. అందుకే విద్వాంసులు తమ దగ్గర రకరకాల శ్రుతుల ఘటాలు ఉంచుకుని, పాడేవారి శ్రుతికి సరిపోయేదాన్ని కచేరీకి తెచ్చుకుంటారు. ఆ రోజు తీసుకెళ్ళని ఘటాలు చెడ్డవని ఎవరూ అనరు. ఇంటర్వ్యూలో ఎంపిక కాలేదన్న మాటకు చాలాసార్లు ఇంతకు మించి అర్థం ఉండదు.

ఇక కుండ చేసే పని. వేసవిలో కుండ నీళ్ళు చల్లగా ఉండటానికి కారణం అది కారడమే. తక్కువ వేడిలో కాలిన మట్టి గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. నీరు వాటి గుండా బయటి తలానికి చేరి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని మిగిలిన నీటి నుంచి తీసుకుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ళ వేడి కావాలి. ఆ లెక్కన 10 లీటర్ల నీరు 10 డిగ్రీలు చల్లబడటానికి 170 గ్రాముల పైచిలుకు, అంటే ఒక గ్లాసు లోపు నీరు ఆవిరైతే చాలు. బయటి వేడి లోపలికి చేరుతూనే ఉంటుంది కాబట్టి వాస్తవంలో ఖర్చు ఇంకొంత ఎక్కువ. మొత్తం మీద కుండ తన నీటిలో కొంచెం వదులుకుని మిగతాదంతా చల్లబరుస్తుంది. స్టీలు బిందె చుక్క కూడా వదులుకోదు, నీళ్ళూ చల్లబడవు.

ఇక్కడ బాగా ప్రచారంలో ఉన్న ఒక నీతికథను పక్కన పెట్టాలి. పగిలిన కుండలోంచి దారి పొడుగునా నీళ్ళు కారాయని, ఆ దారిలో పూలు పూశాయని, కాబట్టి లోపం కూడా వరమేనని చెప్పే కథ అది. ఓదార్పుకు బాగుంటుంది, కానీ అందులో కుండ విలువ ఎవరో విత్తనాలు చల్లడం మీద ఆధారపడి ఉంది. చల్లకపోతే అది ఉత్త పగిలిన కుండే. నీళ్ళ కుండ చెమర్చడం అలాంటిది కాదు. మట్టిలో కలిపిన ఇసుక, ఊక, కాల్చిన వేడి కలిసి ఆ రంధ్రాలను ఆ కొలతలో ఉంచాయి. కావాలనే అలా చేశారు. పగులుకూ చెమ్మకూ మధ్య ఉన్న ఈ తేడా తెలియనివాళ్ళు రెండు రకాలుగా పొరపడతారు. కొందరు తమలోని సున్నితత్వాన్ని, నెమ్మదితనాన్ని, ఎదుటివారి బాధకు కదిలే గుణాన్ని పగుళ్ళనుకుని పూడ్చుకుంటారు. మరికొందరు బద్ధకం, మాట తప్పడం వంటి నిజమైన పగుళ్ళను తమ ప్రత్యేకతలుగా చెప్పుకుంటారు. కణుపుతో కొట్టి చూస్తే ఏది ఏదో తెలుస్తుంది. సాధారణంగా ఆ మోత ముందుగా వినేది పక్కవాళ్ళు.

అవే రంధ్రాలు మరో చోట పనికిరావు. ఆవకాయ జాడీకి లోపలా బయటా గాజులాంటి మెరుగు పూత ఉంటుంది. దాని రంధ్రాలన్నీ మూసుకుపోయి ఉంటాయి కాబట్టి ఉప్పూ నూనే బయటికి రావు. నీళ్ళు పోస్తే మాత్రం జాడీ వాటిని చల్లబరచలేదు. నీళ్ళ కుండలో ఆవకాయ పెడితే నూనె గోడల్లోకి ఇంకిపోతుంది. జాడీ ఖరీదెక్కువ, చూడముచ్చటగా ఉంటుంది, తరాల తరబడి నిలుస్తుంది. అయినా మే నెలలో దాహమేసినవాడు జాడీ దగ్గరికి వెళ్ళడు. తోటివాడి జీతంతో తనను పోల్చుకుంటూ రాత్రిళ్ళు నిద్ర పోగొట్టుకునే కుర్రవాడు పోల్చుకుంటున్నది ఏ పనిలో అన్నది ముందు తేల్చుకోవాలి.

కుండ గొప్పతనానికి హద్దు కూడా ఉంది, అది కుండలో లేదు, గాలిలో ఉంది. ఆవిరి కావడం వల్ల నీరు ఎంత చల్లబడగలదన్నది గాలిలో తేమను బట్టి ఉంటుంది. 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉన్నచోట కుండ నీళ్ళు అన్నీ అనుకూలిస్తే 24 డిగ్రీల దరిదాపుకు దిగవచ్చు. 36 డిగ్రీల వేడి, తేమ 65 శాతం ఉన్నచోట 30 కంటే కిందికి దిగవు. అనంతపురం మధ్యాహ్నంలో ఆశ్చర్యం కలిగించే కుండ బందరు ఉక్కపోతలో పెద్దగా ఏమీ చేయలేదు. కుండ అదే, చేసిన చేయీ అదే. గాలి ఆడని మూల గదిలో పెట్టినా ఇంతే. ఒక ఆఫీసులో రాణించనివాడు మరో చోట రాణించడం, ఒక కోర్సులో చతికిలపడ్డ పిల్ల మరో కోర్సులో ముందుండటం అందరూ చూసినవే. కుండను కిటికీ పక్కకు జరపడానికి ఎవరూ సిగ్గుపడరు. చోటు మార్చుకోవడాన్ని మాత్రం మనవాళ్ళు ఎందుకో ఓటమి కింద జమ కడతారు.

వాడగా వాడగా కుండ చల్లదనం తగ్గుతుంది. నీళ్ళలోని సున్నం, ఉప్పులు రంధ్రాల్లో చేరి గట్టిపడతాయి. బోరు నీళ్ళ ఊళ్ళలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. అందుకే బయటి గోడను పీచుతో తోముతారు, లేదా ఏటా కొత్త కుండ కొంటారు. మనిషికి వేరే మనిషిని కొని తెచ్చుకునే వీలు లేదు కాబట్టి తోముకోవడమే దారి.

ఈ పాత సూత్రాన్నే కొత్తగా వాడి చూపించినవాళ్ళున్నారు. నైజీరియాలో కుండలు చేసే కుటుంబం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు మొహమ్మద్ బా అబ్బా 1990లలో పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, నడుమ తడి ఇసుక నింపి, పైన తడి గుడ్డ కప్పాడు. కరెంటు లేని పల్లెల్లో మూడు రోజుల్లో వాడిపోయే వంకాయలు అందులో 27 రోజులు నిలిచాయి. అందుకు ఆయనకు 2000లో రోలెక్స్ పురస్కారం వచ్చింది. గుజరాత్‌లోని వాంకానేర్‌కు చెందిన కుమ్మరి కుటుంబీకుడు మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి పదో తరగతి తప్పినవాడు. 2001 భూకంపం తర్వాత ఒక పత్రిక పగిలిన కుండ ఫొటో వేసి, పేదవాడి ఫ్రిజ్ పగిలిందని కింద రాసింది. ఆ మాట ఆయనకు పట్టుకుంది. తర్వాత కొన్నేళ్ళకు మట్టితోనే, కరెంటు అక్కర్లేని ఫ్రిజ్ చేసి మిట్టీకూల్ పేరుతో అమ్మాడు. ఇద్దరూ కొత్త గుణమేదీ కనిపెట్టలేదు. ఇంట్లో ఉన్నదాన్నే మరొకరి అవసరం పక్కన పెట్టి చూశారు.

ప్రయోజనం అనేది ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు ఇందులో జవాబు ఉంది. నాలో ఏముంది అని లోపలికి ఎంత తవ్వినా మట్టికి తన పని తెలియదు. కుమ్మరి వేసవి ముందు కూజాలు చేస్తాడు, వినాయక చవితికి విగ్రహాలు, దీపావళికి ప్రమిదలు చేస్తాడు. ఊరికి ఏ నెలలో ఏం కావాలో చూసుకుని మట్టి పట్టుకుంటాడు. నీళ్ళకు కడవ, కూరకు చట్టి, ధాన్యానికి బాన, తాటిచెట్టు మీదికి లొట్టి. పని ముందు, ఆకారం తర్వాత. తన జీవిత లక్ష్యం ఏమిటో తేలేదాకా ఏ పనీ మొదలుపెట్టనని కూర్చునే కుర్రవాళ్ళు ఈ వరసను తిరగేసుకున్నవాళ్ళు. వీధి చివరి బడిలో ఆరో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పేవాళ్ళు కావాలి, పక్కింటి పెద్దాయనకు పింఛను దరఖాస్తు ఆన్‌లైన్లో నింపిపెట్టేవాళ్ళు కావాలి. అలాంటి పనుల్లో దిగినవాడికి తనకేది చేతనవునో నెమ్మదిగా తెలుస్తుంది. జీతం ఇచ్చే ఉద్యోగానికి ఇవి బదులు కావు, ఇల్లు గడవాలంటే జీతం కావాలి. అయితే జీతం వచ్చేదాకా తాను ఎందుకూ కొరగానివాడినన్న మాట కూడా నిజం కాదని ఇవి చూపిస్తాయి.

కుండ అడుగు గుండ్రంగా ఎందుకు ఉంటుందో చాలామంది ఆలోచించరు. చదును అడుగుకూ గోడకూ మధ్య మూల ఏర్పడుతుంది, వేడి తగిలినప్పుడు ఆ మూల దగ్గరే చీలుతుంది. గుండ్రని అడుగు మీద మంట సమంగా పాకుతుంది. మూడు రాళ్ళ పొయ్యి మీద అది స్థిరంగా కూర్చుంటుంది. చదును నేల మీద పెడితే మాత్రం దొర్లుతుంది. అందుకే ఎండుగడ్డితోనో గుడ్డతోనో చుట్టిన కుదురు మీద నిలబెడతారు. నెత్తిన మోసేవాళ్ళూ చుట్టకుదురు పెట్టుకునే మోస్తారు. ఎవరి ఆసరా లేకుండా నిలబడటమే ఆత్మగౌరవమని ఇప్పటి పుస్తకాలు చెబుతుంటాయి. కుండ ఆ పరీక్షలో తప్పుతుంది. మంటను తట్టుకునే ఆకారమే దాన్ని నేల మీద నిలవనివ్వదు, కాబట్టి కుదురు దాని రూపకల్పనలో భాగం. ఇంట్లోవాళ్ళ నుంచి నెలనెలా డబ్బు తీసుకోవలసి వస్తోందని మొహం చాటేసే పిల్లలు ఈ మాట వినాలి. పరీక్షల కాలంలో నాన్న పంపే డబ్బు, అక్క వండిపెట్టే అన్నం, గదిలో ఉండే స్నేహితుడు కుదుళ్ళు. కుదురు మీద కూర్చున్న కుండను తక్కువదని ఎవరూ చూడరు. కుదురునే కుండ అనుకుని అక్కడే ఉండిపోవడం వేరే సంగతి.

విలువనూ వెలనూ ఒకటిగా చూడకూడదనడానికి కుండ కంటే మంచి సాక్ష్యం దొరకదు. అతి చౌకైన వస్తువు అది, అయినా పెళ్ళికి అయిరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో రావాలి. ఆషాఢంలో బోనం కొత్త కుండలో పొంగాలి. మనిషి పోయినప్పుడు చితి చుట్టూ తిప్పి పగలగొట్టేదీ కుండే. బంగారు బిందె ఉన్న ఇంట్లో కూడా ఈ చోట్లలో దానికి బదులు మరొకటి పెట్టరు. తిరుమల స్థలగాథల్లో భీముడనే కుమ్మరి కథ ఉంది. తొండమాను చక్రవర్తి బంగారు పూలతో స్వామిని పూజిస్తే, మర్నాటికి వాటి చోట మట్టి పూలు కనిపించేవట. అవి పని అయిపోయాక చేతికంటిన మట్టితో భీముడు చేసి అర్పించిన పూలు. అక్కడ స్వామికి కొత్త మట్టి ఓడులో పెరుగన్నం నివేదించే ఆనవాయితీ ఈనాటికీ ఉంది. ఈ కథలో రాజు చెడ్డవాడు కాదు, బంగారం దొంగది కాదు. తేడా అంతా పూజకు కూర్చోవడానికి భీముడికి వేరే సమయం లేకపోవడంలో ఉంది, పనిలోంచే తీసి ఇచ్చాడు.

తెలుగులో రామాయణం రాసిన ఆతుకూరి మొల్ల కుమ్మరి ఇంటి ఆడపడుచని సంప్రదాయం చెబుతుంది. ఊరు గోపవరం, తండ్రి కేసన, కాలం సాధారణంగా పదహారో శతాబ్దమంటారు. కావ్యం మొదట్లోనే తనకు వ్యాకరణమూ అలంకారశాస్త్రమూ తెలియవని, పెద్ద చదువులు లేవని చెప్పుకుంది. ఆ మాటను వట్టి వినయంగా తీసుకోనవసరం లేదు. తర్వాత వచ్చే పద్యాలు చూస్తే, తనకు లేనివాటి జాబితా ఇచ్చేసి, ఉన్నదానితో తొణక్కుండా పని మొదలుపెట్టిన మనిషి కనిపిస్తుంది. వినగానే అర్థమయ్యే మాటలే కావ్యానికి తగినవని ఆమె అభిప్రాయం. గ్రాంథిక పాండిత్యం గురించి బెంగపడి కలం పక్కన పెట్టి ఉంటే తెలుగువాళ్ళు తేలికగా చదువుకునే రామాయణం ఒకటి తగ్గేది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఉన్న విగ్రహాల్లో ఆమెది కూడా ఉంది. బయోడేటాలో ఖాళీ గళ్ళు చూసి కుంగిపోయేవాళ్ళకు ఈ కావ్యం పీఠిక చదవడం ఏ ప్రేరణ ప్రసంగం వినడం కన్నా మేలు.

కుండ పగులుతుంది. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అని సామెత. ఏడాది కష్టం ఒక్క దెబ్బకు పోవచ్చు, ఇందులో అతిశయోక్తి లేదు. ఉద్యోగం పోవడం, వ్యాపారం మునగడం, పెళ్ళి చెడటం ఇలాంటివే. వాటిని చిన్నవని చెప్పడం అబద్ధం. అయితే పగిలినంత మాత్రాన కాలిన మట్టి మళ్ళీ బురద కాదు, పెంకు అవుతుంది. ఆ పెంకుతో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడతారు. తర్వాతి ఆవాన్ని పెంకులతోనే కప్పుతారు. పెంకును పొడి చేసి కొత్త మట్టిలో కలపడం ఎన్నో దేశాల కుమ్మరులకు తెలిసిన పద్ధతి. ఒకసారి కాలింది మళ్ళీ కుంచించుకుపోదు కాబట్టి ఆ పొడి కలిసిన కొత్త కుండ తేలిగ్గా బీటలు వారదు. పురావస్తు తవ్వకాల్లో బంగారం కంటే పెంకులే ఎక్కువ చెబుతాయి. మట్టిలోని ఖనిజ రేణువులు చుట్టూ ఉన్న సహజ వికిరణం నుంచి శక్తిని పోగుచేసుకుంటూ ఉంటాయి. ఆవంలో ఆ నిల్వ అంతా ఖాళీ అయి, లెక్క సున్నా నుంచి మళ్ళీ మొదలవుతుంది. వేల ఏళ్ళ తర్వాత ప్రయోగశాలలో ఆ పెంకును వేడిచేస్తే పోగైన శక్తి వెలుగుగా బయటికి వస్తుంది. ఎంత వెలుగో కొలిచి కుండ కాలిన కాలాన్ని అంచనా కడతారు. మట్టి చెరువులో ఎన్ని యుగాలు పడి ఉందో ఆ లెక్కలోకి రాదు, నిప్పులోంచి బయటికి వచ్చినప్పటి నుంచే వయసు.

పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఈ లేఖ సగం అబద్ధమవుతుంది. కుండకు ఇష్టాయిష్టాలు లేవు. కడవ అయ్యాక ప్రమిద కావాలని అనుకోలేదు. మనిషి అనుకోగలడు, నలభై ఏళ్ళకు కూడా పని మార్చుకోగలడు. కుండను మరొకరు చేస్తారు. మనిషిని ముందు పెద్దలు చేస్తారు, తర్వాత చాలా భాగం తనే చేసుకుంటాడు, ఆ రెండో పనిలో సారె తిప్పే చేయీ సారె మీది మట్టీ ఒకరే కావడం వల్ల అది కష్టం. అన్నిటికన్నా పెద్ద తేడా మరొకటి. పనికి రాని కుండకు విలువ లేదు. మంచాన పడ్డ మనిషికి, ఏ పనీ చేయలేని పసివాడికి విలువ లేదని ఎవరూ అనరాదు. పనిలో తేలే విలువ ఒకటి, పుట్టుకతోనే ఉండే విలువ మరొకటి. కుండ మొదటిదాన్ని బాగా నేర్పుతుంది, రెండోదాని గురించి దానికి ఏమీ తెలియదు. రెండో విలువ కోసం ఏ పరీక్షా రాయనక్కరలేదు.

మట్టి చూపించి పిల్లలకు పెద్దలు చెప్పడం ఈ దేశంలో పాత పద్ధతే. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పేది మట్టి ముద్దతోనే మొదలవుతుంది. ఆ కొడుకు పన్నెండో ఏట చదువుకు వెళ్ళి, ఇరవై నాలుగో ఏట అంతా తెలుసన్న ధీమాతో తిరిగి వచ్చినవాడు. ఈ లేఖ అందుకునేవాడి చిక్కు దానికి సరిగ్గా వ్యతిరేకం, అతనికి తనకేమీ రాదన్న అనుమానం. అయినా ఇద్దరికీ సమానంగా పనికొచ్చే సంగతి ఒకటి ఆ సంభాషణలో ఉంది. తండ్రి ఒక ఉదాహరణ ఇవ్వగానే కొడుకు తలూపి ఊరుకోలేదు, మళ్ళీ వివరించమని ఒకటికి పదిసార్లు అడిగాడు. తండ్రి విసుక్కోకుండా ప్రతిసారీ కొత్త ఉదాహరణ తెచ్చాడు. ఇక్కడ రాసినవాటిలో మనవడికి ఒప్పనివి, అతని పరిస్థితికి అతకనివి తప్పక ఉంటాయి. అవి ఏవో, ఎందుకు అతకవో జవాబులో రాస్తే తర్వాతి ఉత్తరం అక్కడి నుంచి మొదలవుతుంది.